‘మనం’ అంటున్నాం, అందులో ఆమె ఉందా?



మన మీటింగుల్లో ‘అస్తిత్వం’ అనే మాటను గుర్తింపు అనే అర్థంలో వాడతాం. మన భాష, మన భూమి, మన పేరు. ఫ్రాన్స్‌లో సార్త్ర్, సిమోన్ ద బోవా చెప్పిన అస్తిత్వవాదం వేరు. నువ్వు ఇలాగే ఉండాలని పుట్టకముందే ఎవరూ రాసిపెట్టలేదు, నువ్వు ఎంచుకున్నదీ చేసినదీ కలిసే నువ్వు అవుతావు అంటుంది అది.

మరి ఎంచుకునే దారులే మూసేస్తే? బోవా 1949లో ‘ద సెకండ్ సెక్స్’ రాసింది ఈ ప్రశ్న మీదే. ఫ్రాన్స్ ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1944లో. పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవగలిగింది 1965 చట్టంతోనే. మగవాడు తననే అసలు మనిషిగా లెక్కేసుకుని స్త్రీని ‘పరాయి’గా నిలబెట్టాడని, అణకువ ఆమె ఒంటితో వచ్చింది కాదు, పెంపకం నేర్పిందని ఆమె వాదించింది.

ఈ ‘పరాయి’ అనే మాట మనకు కొత్తా? అడవి మనుషులు, వెనకబడినోళ్లు, అమాయకులు అని మన గురించి మనకన్నా ముందు వేరేవాళ్లే చెప్పేశారు. ఆ నొప్పి తెలిసిన మనం ఇంట్లో ఏం చేస్తున్నాం?

‘మన ఆడోళ్లకు స్వేచ్ఛ ఎక్కువ’ అంటారు మనోళ్లు. కొంత నిజమే. కానీ భూమి దగ్గరికొచ్చేసరికి? 1956 హిందూ వారసత్వ చట్టం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప మనకు వర్తించదు. అందుకే ఆచారం పేరు చెప్పి కూతురి వాటా ఎగ్గొడుతున్నారు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు మహిళ వారసుల కేసులో సుప్రీంకోర్టు సమాన వాటా ఇచ్చింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కాలేదని, వాళ్లను పక్కన పెట్టడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది.

‘గిరిజనేతరుడిని చేసుకుంటే భూమి పోతుంది కదా’ అని అడుగుతారు. పెళ్లి చేసుకుని భార్య పేరు మీద భూమి పెట్టినోళ్లు ఉన్నారు, కాదనను. దానికి మందు 1/70 చట్టాన్ని గట్టిగా అమలు చేయించడం. అప్పు కోసం గిరిజనేతరుడికి భూమి అప్పగించిన కొడుకులు లేరా? వాళ్ల వాటా ఎవరైనా తీసేశారా?

కార్మికులు ‘మేము’ అంటారు, ఆడవాళ్లు మాత్రం ఇంటికొకరుగా చెదిరిపోయి అలా అనలేకపోతున్నారని కూడా బోవా గమనించింది. మనకు ఆ ‘మేము’ అనే చోటు ఉంది. గ్రామసభ. 2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలంటుంది. దాని నిబంధనల ప్రకారం సభకు వచ్చినోళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. వేలిముద్రకు పిలిచి, మాట్లాడేటప్పుడు వెనక కూర్చోబెడితే అది కోరం లెక్కకే.

ఇతరుల స్వేచ్ఛ లేకుండా ఎవరి స్వేచ్ఛా నిలవదని బోవా నమ్మింది. మనం జల్, జంగల్, జమీన్ అని అరుస్తున్నాం. ఆ జమీన్‌లో చెల్లెలి వాటా ఎంతో ముందు మన ఇంట్లో తేల్చుకుందాం. ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు మీ ఇంటి పట్టా తీసుకెళ్లండి. అందులో ఎవరి పేరు ఉందో, ఎవరి పేరు లేదో నలుగురిలో చదవండి.

జై ఆదివాసీ.