పసుపెక్కింది ఏ ఆకు?

సోమందేపల్లె చుట్టుపక్కల వేరుశనగ చేను పసుపు తిరిగితే ముందు గుర్తొచ్చేది యూరియా సంచి. అంతకన్నా ముందు చేలో వంగి, పసుపెక్కింది ముదురాకా లేతాకా అని చూడాలి. మొక్క నత్రజనిని ముదురాకుల్లోంచి లేతాకులకు తరలించుకుంటుంది. అందుకే ఆ లోపం అడుగాకుల్లో మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. అది చాలకపోతే కొస ఆకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, మధ్యంతా పసుపై, ముదిరితే తెల్లబారుతుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో, నీరు నిలిచినచోట ఇది మామూలే. దీనికి యూరియా దండగ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

2015లో మొదలైన భూసార కార్డు ఉండగా ఆకు చూడటమెందుకు అనవచ్చు. కార్డు నేలలో ఏముందో చెబుతుంది. అది మొక్కకు అందుతోందా అన్నది ఆకే చెప్పాలి. ఈ సీమలో అసలు కొరత నీరే కదా అన్న మాట మరింత బరువైనది, నిజం కూడా. బెట్టకు ఎండిన మట్టిలో పోషకాలు వేరు దాకా కదలవు. కాబట్టి తడి తగిలాక కూడా పసుపు పోకపోతేనే మందు సంగతి ఆలోచించాలి. ఆకుకూ హద్దుంది: కాయ తనకు కావాల్సిన కాల్షియాన్ని నేలలోంచి నేరుగా పీల్చుకుంటుంది, అందుకే పైన చేను నిగనిగలాడుతున్నా కింద తాలు కాయలు రావచ్చు. పూత, ఊడల దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేయమనేది అందుకే. ఈ గుర్తులన్నీ రంగు బొమ్మలతో ప్రతి రైతు సేవా కేంద్రం గోడమీదా ఉండాలి, ఖరీఫ్ విత్తుకు ముందే.