పచ్చిగా ఉంటే తప్పేంటంట?

"రికార్డింగ్ కాస్త శుభ్రంగా చేయించుకుని, ఆ పాడేవాడు అరవడం తగ్గిస్తే ఈ బ్యాండ్ ఎక్కడికో వెళ్ళిపోయేది!"

జపాన్ వాళ్ళ ఈస్టర్న్ యూత్ పాటలు ఎవరికి వినిపించినా మొదట దొరికే ఉచిత సలహా ఇదే. ఇచ్చేది ఎక్కువగా మా సాఫ్ట్‌వేర్ జనమే. కనబడ్డ ప్రతిదాన్నీ సరిచేసేయాలన్న దురద వృత్తితో పాటు వస్తుంది లెండి. కానీ ఈ సలహా మొదట్నుంచి చివరిదాకా తప్పు. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా వినండి.

ముందు "చేతకాక అలా వాయిస్తున్నారు" అన్న అపోహ సంగతి. ఈ బ్యాండ్ పుట్టింది 1988లో, సప్పొరో నగరంలో. గిటార్ వాయిస్తూ పాడే యోషినో హిసాషి, డ్రమ్స్ వాయించే తమోరి అత్సుయా అప్పట్నుంచీ ఉన్నవాళ్ళే. బేస్ వాయించే నినోమియా తొమోకాజు రెండు దశాబ్దాలకు పైగా ఉండి 2015లో వెళ్ళిపోతే, ఆ చోటులోకి మురావొకా యుకా వచ్చింది. అంతే, ముగ్గురు. పెద్ద రికార్డు కంపెనీలతో పనిచేశారు, మంచి స్టూడియోలు చూశారు. 2002లో అమెరికన్ బ్యాండ్ కర్సివ్‌తో కలిసి ఒకే రికార్డు పంచుకున్నారు. ఇన్నేళ్ళలో శుభ్రంగా రికార్డు చేయించుకోవడం తెలియలేదంటారా? తెలుసు. వద్దనుకున్నారు.

ఒకే గిటార్, ఒక బేస్, డ్రమ్స్ ఉన్నచోట దాక్కోడానికి జాగా ఉండదు. గొంతు తగ్గినప్పుడు రాగాన్ని బేస్ మోస్తుంది. ముగ్గురూ ఒక్క దెబ్బతో ఆగిపోయి, ఒక్క దెబ్బతో మళ్ళీ మొదలవుతారు. సాధన చెయ్యనివాడి వల్ల అయ్యే పనేనా ఇది? పాటల పేర్లు కూడా ఆషామాషీగా పెట్టినవి కావు. 1998 ఆల్బమ్ 'తబిజి ని కిసెత్సు గ మొఎఒచిరు' పేరులో మామూలుగా హిరగానాలో రాసే ముక్కల్ని కతకానాలో రాశారు, యుద్ధానికి ముందటి పాత కాగితాల్లోలాగా. అక్షరం దగ్గర అంత పట్టింపు ఉన్న మనిషి శబ్దం దగ్గర నిర్లక్ష్యంగా ఉంటాడా?

పచ్చిపులుసు తిని "మరిగించడం మర్చిపోయారు" అనం కదా! పచ్చిగా ఉండటం వేరు, ఉడక్కపోవడం వేరు.

ఇక సరిచేసే యంత్రం సంగతి. ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు అన్వేషణ కోసం భూకంప తరంగాల లెక్కలు కట్టిన ఇంజినీరు. తెలివైన పనే, కాదనను. 1998లో షేర్ 'బిలీవ్' పాటలో దాన్ని దాచకుండా వాడుకుంది, దానితోనూ నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పనిముట్టు వెనకున్న నమ్మకం అందరికీ రూలైపోవడంతోనే. అదేంటంటే, గొంతు దగ్గర్లోని స్వరానికి అతుక్కోకపోతే అది తప్పు, జరిపేయాలి.

యోషినో గొంతు మాట్లాడుతున్నట్టు మొదలవుతుంది, పైకెక్కుతుంది, ఒకచోట రాగం దాటి అరుపైపోతుంది. ఆ స్వరం తప్పిన చోటే అతను చెప్పదలుచుకున్నది ఉంది. దాన్ని దగ్గరి అంకెకు రౌండ్ చేసేస్తే ఏమవుతుందో కోడు రాసేవాళ్ళకి వేరే చెప్పాలా? పోయిన దశాంశాలు మళ్ళీ రావు.

"ఎమో కదా, కుర్రకారు ఏడుపులు" అనేవాళ్ళు ఇంకో రకం. ఎమో అన్న మాట 1980లలో వాషింగ్టన్ హార్డ్‌కోర్ బ్యాండ్ల దగ్గర పుట్టింది. తర్వాత జపాన్‌లో 'ఎమోయ్' అనే మాటయింది. 2016లో సాన్‌సేదో నిఘంటువుల సంస్థ ఎంచిన కొత్త మాటల్లో దానికి రెండో స్థానం. సాయంత్రపు ఫొటో బాగుంటే ఎమోయ్, పాత కేఫ్ కనబడితే ఎమోయ్. మాటని కూడా చక్కగా కడిగేశారన్నమాట!

కడగనిది ఎలా ఉంటుందో వినాలంటే ఈ బ్యాండ్ దగ్గరికి రావాలి. యోషినోకి 2009లో గుండెపోటు వచ్చింది. బతికి వచ్చి మళ్ళీ అలాగే పాడాడు. 2018లో 'గోల్డెన్ కముయ్' ఆనిమే రెండో సీజన్ ముగింపు పాట 'టొకెయిదాయ్ నొ కనె' వీళ్ళదే. పేరుకి గడియారపు స్తంభం గంట అని అర్థం, అలాంటి స్తంభం వీళ్ళ సప్పొరోలోనే ఉంది. ఆ 1998 ఆల్బమ్, '2020' పేరుతో 2020లో వచ్చిన ఆల్బమ్ ఒకదాని వెంట ఒకటి వినండి. గొంతు ముదిరింది, గీరుకుపోయింది. యాభై దాటిన మనిషి అరిస్తే అది కుర్రకారు వేషం కాదండీ. ఆ గీరుని తుడిచేస్తే ఆ మధ్య గడిచిన ఇరవై రెండేళ్ళనీ తుడిచేసినట్టే.

వీళ్ళు సొంతంగా పెట్టుకున్న రికార్డు సంస్థ పేరు 'హదాషి నో ఒంగకుషా'. హదాషి అంటే చెప్పుల్లేని కాళ్ళు. అలా నడుస్తామని బోర్డు కట్టుకుని మరీ చెప్పినవాళ్ళకి చెప్పులు కొనిపెడతాననడం జాలా, అహంకారమా?

నచ్చకపోతే నచ్చలేదనండి, గొడవే లేదు. బాగుచేస్తానని మాత్రం అనకండి.