నగద్ మాల్‌కి, ఉధార్ గల్లీకి

ఈసారి మాట కొంచెం కడ్వాగా ఉంటది, నారాజ్ కాకండి.

మా మొగుళ్లపల్లి లాంటి ఊళ్లల్ల కిరాణా దుకాణాలు ఎందుకు ఎండిపోతున్నయంటే అందరం ఆన్‌లైన్ కంపెనీలను తిడుతం, సర్కార్‌ని తిడుతం. తిట్టాల్సిందే. కానీ ఆ దుకాణం గొంతు మీద మన చెయ్యి కూడా ఉంది. జేబుల పైసలున్న రోజు హన్మకొండ మాల్‌కి పోతం. పైసల్లేని రోజు గల్లీ దుకాణం ముందు నిలబడి "ఖాతాల రాస్కో భాయ్" అంటం.

మా దిక్కు బతుకంతా పత్తి, వరి మీద. పరకాలలోనో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనో పంట అమ్ముడుపోయేదాకా పొయ్యి వెలిగేది ఉధార్ మీదనే. టైలర్‌దీ, మెకానిక్‌దీ, ఆటో భాయ్‌దీ అదే హిసాబ్. పావుకిలో పప్పుకు ఏ బ్యాంకూ లోన్ ఇయ్యదు. దుకాణ్‌దార్ ఇస్తడు, జామీన్ అడగడు.

అసొంటి దుకాణం మీద ఎన్ని దెబ్బలు పడ్డయో యాద్ చేసుకోండి. 2016 అక్టోబర్‌లో మేం భూపాలపల్లి జిల్లాల కలిసినం. నెల తిరగకముందే, నవంబర్ 8 రాత్రి, 500, 1000 నోట్లు రద్దు. సరిగ్గా పత్తి ఏరే దినాలు. రైతు చేతిల నోటు లేదు, ఖాతా తీరలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. చిన్న దుకాణానికి రిజిస్ట్రేషన్ మాఫీ ఉండొచ్చు, కానీ కొన్న సరుకు మీద కట్టిన ట్యాక్స్ వాపస్ తీసుకునే రాస్తా దానికి లేదు. 2020ల రంజాన్ నెలంతా లాక్‌డౌన్‌లనే గడిచింది. మస్జిద్‌కి పోలేని ఆ దినాల్లో సహరీకి, ఇఫ్తార్‌కి సామాను ఏ యాప్ తెచ్చింది? సగం షట్టర్ ఎత్తి మన సంచి నింపింది ఎవరు?

"మాల్‌ల సస్తా కదా" అంటరు. సస్తానే. కంపెనీ దగ్గర లారీల లెక్కన కొనేటోనికీ, పరకాల హోల్‌సేల్‌ల పెట్టెల లెక్కన కొనేటోనికీ రేటు ఒక్కటెట్లయితది? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల డిస్కౌంట్ల మీద, ఖాస్ అమ్మకందార్లకు ఇచ్చే తర్జీహ్ మీద 2020 జనవరిల కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు హుకుం ఇచ్చింది. సర్కార్ చిన్న దుకాణ్‌దార్‌కి చేయాల్సిన ఇన్సాఫ్ అదే: ఖానూన్‌ని పెద్దోళ్ల మీద కూడా గట్టిగా నడపాలె.

ఇగ మన లెక్కకొద్దాం. నూరు రూపాయల సరుకుల పది మిగుల్తయనుకుందాం. ఒకరు నూరు ఎగ్గొడితే తొంభై మునిగినట్టు. అది పూడాలంటే ఇంకో తొమ్మిది మంది నూరేసి రూపాయలు నగద్ ఇచ్చి కొనాలె. ఆ తొమ్మిది మందీ మాల్‌కి పోతే దుకాణం దివాలా.

సూద్ హరామ్ అని బయాన్‌లల్ల తలలూపుతం. బిడ్డ షాదీకి ఫ్రిజ్, బైక్ మాత్రం సూద్ కట్టే ఈఎంఐ మీద తెస్తం. తారీఖు తప్పితే ఫైన్ పడుతదని ఆ కిస్తు టైంకి కడుతం. సూద్ లేకుండ సౌదా ఇచ్చినోడు ఇజ్జత్ కోసం గట్టిగ అడగలేడని వాన్ని తిప్పుతం. ఖురాన్‌ల అన్నిటికంటే పొడుగు ఆయత్, సూరె బఖరాల 282వది, అప్పును రాసుకునే తరీఖా గురించే. తంగీల ఉన్నోనికి మోహ్లత్ ఇయ్యాలని 280వ ఆయత్ చెప్తది. ఆ మోహ్లత్ మజ్బూర్‌కి. స్మార్ట్ ఫోన్ మార్చేటోనికి కాదు.

దుకాణ్‌దార్ భాయ్‌లకూ ఒక మాట. నాప్‌తోల్‌ల కమీ చేయొద్దు. తారీఖు దాటిన ప్యాకెట్ అమ్మొద్దు. ఉధార్ సౌదా రాసిన రోజే రేటు, హిసాబ్ గాహక్‌కి చూపియ్యాలె. భరోసా పోతే ఏ తఖ్రీర్ కూడా గాహక్‌ని వాపస్ తేలేదు.

మనం చేయాల్సింది చిన్నదే. వచ్చే పంట పైసల్ల, వచ్చే జీతంల ముందు ఖాతా సాఫ్ చేద్దాం. నెల సౌదాల సగమన్నా నగద్ ఇచ్చి గల్లీలనే కొందాం. రంజాన్ సేమియా, ఖజూర్, షక్కర్ అక్కడ్నే తీసుకుందాం. ఆ షట్టర్ పడితే మాల్‌కు పోయే తాఖత్ ఉన్నోనికి ఏం గాదు. రాత్రి తొమ్మిదింటికి పాల ప్యాకెట్ కోసం ఉధార్ అడగాల్సిన అమ్మ యాడికి పోవాలె?