ఎర్ర లైటు వెలిగిందా.. బండి ఆపేయండి!

కారు దూసుకుపోతోంది. డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఛార్జింగ్ తాలూకు ఎర్ర లైటు వెలిగింది. చాలామంది ఏమనుకుంటారు? ‘ఛార్జింగ్ కావట్లేదు, అంతేగా.. ఇంటికెళ్లాక చూద్దాంలే’ అని. నడుపుతున్నది పాత పోర్షె 911 అయితే మాత్రం ఆ ‘అంతేగా’ ఖరీదు.. ఏకంగా ఇంజిన్!

జర్మనీలోని స్టట్‌గార్ట్‌కు చెందిన పోర్షె సంస్థ 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఈ కారును తొలిసారి చూపించింది. ఆరు సిలిండర్ల ఇంజిన్, అదీ వెనకవైపు. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పనే లేదు. 1998 వరకూ 911 ఇంజిన్లను గాలీ, ఆయిలే చల్లబరిచాయి.

పాత బజాజ్ చేతక్ స్కూటరు గుర్తుందా? దానికీ నీళ్లుండవు. ఫ్లైవీల్‌కున్న రెక్కలు గాలిని తోస్తే సిలిండర్ చల్లబడేది. ఇక్కడా సూత్రం అదే. తేడా ఒక్కటే. చేతక్‌లో ఆ రెక్కలు నేరుగా ఇంజిన్‌తోపాటే తిరుగుతాయి. 911లో ఇంజిన్‌కూ ఫ్యాన్‌కూ మధ్య ఓ రబ్బరు బెల్టు ఉంటుంది. చిక్కంతా దానితోనే.

ఒకటే బెల్టు.. రెండు పనులు

వెనక మూత ఎత్తగానే ఎదురుగా కనిపించే పెద్ద చక్రమే ఫ్యాన్. తొలి మోడళ్లలో దానికి 11 రెక్కలు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాని మధ్యలోనే, అదే షాఫ్టు మీద ఉంటుంది. బెల్టు తెగితే రెండూ ఒక్కసారే ఆగుతాయి. సిలిండర్లకు గాలి అందదు. ఇంజిన్‌కు బిగించి ఉన్న ఆయిల్ కూలర్‌కూ అందదు. ఆయిల్ వేడిని చూపే ముల్లు నెమ్మదిగా కదులుతుంది. ముందుగా కబురు చెప్పేది ఆ ఎర్ర లైటే. అందుకే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. బెల్టు బాగానే ఉంటే తప్పు ఆల్టర్నేటర్‌దో, వైరింగ్‌దో కావచ్చు. కానీ ఆ మాట తేల్చుకోవాల్సింది బండి ఆపాకే. 1989లో వచ్చిన కొత్త మోడల్‌తో ఫ్యాన్‌కూ ఆల్టర్నేటర్‌కూ వేర్వేరు బెల్టులు పెట్టారు. ఇక్కడ చెబుతున్నది అంతకుముందు వాటి సంగతి.

బొటనవేలి పరీక్ష

ఇంజిన్ చల్లారాక, తాళంచెవి తీసేశాకే చెయ్యి పెట్టాలి. ముందు బెల్టు అంచులు, లోపలి వైపు చూడండి. పగుళ్లున్నా, పోగులు లేచినా, అద్దంలా నునుపెక్కినా మార్చేయడమే. తర్వాత రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కండి. సుమారు ఓ సెంటీమీటరు లోపలికి వెళ్లాలి. కచ్చితమైన లెక్క ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. వదులైతే బెల్టు జారుతుంది. మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగులు అరుగుతాయి.

బిగించే పద్ధతి కాస్త వింతే. ఫ్యాన్ పుల్లీ రెండు పళ్లేలు కలిపినట్టు ఉంటుంది. వాటి మధ్య షిమ్‌లనే పలుచని వాషర్లు ఉంటాయి. ఒకటి తీస్తే పళ్లేలు దగ్గరై, బెల్టు పైకెక్కి బిగుస్తుంది. తీసినదాన్ని పారేయకూడదు. పుల్లీ బయటివైపు, నట్టు కిందే పెట్టాలి. మళ్లీ కావాల్సినప్పుడు అక్కడే దొరుకుతుంది. నట్టు బిగించేటప్పుడు ఇంజిన్‌ను చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతుండాలి. లేకుంటే బెల్టు పళ్లేల మధ్య నలుగుతుంది. కొత్త బెల్టు మొదట్లో సాగుతుంది కాబట్టి కొంత దూరం తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

ఎలుకలున్నాయి జాగ్రత్త

బెల్టు బాగున్నంత మాత్రాన సరిపోదు. నెలల తరబడి షెడ్డులో పడున్న కారులో ఎలుకలు గూడు కట్టేస్తాయి. ఎండుటాకులు, తుడిచి మరచిపోయిన గుడ్డపేలిక.. ఏదైనా సరే ఫ్యాన్ లోపలికి లాగేస్తుంది. స్టార్ట్ చేసే ముందు టార్చి వేసి చూడండి. రెక్కల్లో చీలికలున్నాయా? చేత్తో కదిపితే గరగరమంటోందా? ఆయిల్ కారి, దాని మీద దుమ్ము పేరుకుంటే సిలిండర్ల నుంచి వేడి బయటికి పోదు. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు సీలు అలంకారం కోసం కాదు. కింది వేడిగాలి మళ్లీ పైకొచ్చి ఫ్యాన్‌లో పడకుండా ఆపేది అవే. రిపేరుకు తీస్తే తిరిగి బిగించాల్సిందే.

పాత కారు మీద మోజున్నవాళ్లు రంగుకీ, సీట్లకీ ఎంతైనా పెడతారు. ముందు డిక్కీలో ఓ కొత్త బెల్టు, పుల్లీని పట్టుకునే స్పానరు పెట్టుకోవడం మరచిపోతారు. ఆ రెండూ ఉంటే బెల్టు తెగినా రోడ్డు పక్కనే మార్చుకుని ఇంటికి రావచ్చు. లేవా.. ‘మెల్లగా పోనిద్దాంలే’ అనుకోకండి. ఇంకో బండికి కట్టి లాక్కొచ్చినా నయమే, ఇంజిన్ మిగులుతుంది!