బీపీ ఉందని తుంటి ఆపరేషన్ ఆపవద్దు

బావిగట్టున జారిపడి తుంటి ఎముక విరిగిన ముసలివారిని ఆస్పత్రికి తీసుకెళితే, "బీపీ ఎక్కువగా ఉంది, తగ్గాక చూద్దాం" అన్న మాట వినిపిస్తుంటుంది. ఇంటివారు సరేనని తిరిగి తెచ్చి మంచాన పడుకోబెడతారు. ఇది పొరపాటు.

విరిగిన ఎముక నొప్పికే బీపీ పెరుగుతుంది. నొప్పి తగ్గితే చాలామందికి అదీ దిగుతుంది. రోజుల తరబడి మంచాన ఉంటే ఒంటికి పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డ కడుతుంది. అందుకే చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ చేయాలంటారు. తొందర లేని ఆపరేషన్లకే 180/110 లోపు ఉంటే వాయిదా అక్కరలేదని బ్రిటన్ మత్తు డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. మరి ఆగరాని ఈ ఆపరేషన్‌ను ఆపడమెందుకు?

అసలు భయం బీపీ పడిపోవడం. వెన్నుకు మత్తు ఇచ్చాక అది దిగుతుంది. మరీ దిగితే గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు రక్తం చాలదు. మత్తు డాక్టరు పక్కనే ఉండి కనిపెట్టాలి. ఆ డాక్టరు లేని ఆస్పత్రికి ఎముకల డాక్టరు ఒక్కరినే వేసి ప్రయోజనం లేదు. అధికారులు ఇది గుర్తించాలి.

ఇంటివారు వాడే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లాలి. ఆ ఉదయం ఏది వేయాలో, ఏది మానాలో డాక్టరునే అడగాలి. సొంతంగా మాన్పించరాదు.