చెప్పి వేయాలి, అందరికీ అందాలి

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షనును పేద స్త్రీలపై ప్రయోగించబూనారు. అది ప్రయోగమన్న సంగతి వారికి సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన ఎదిరించింది. 1986లో ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంజెక్షనంటే మన ఉద్యమం అనుమానంగా చూడటం వెనుక ఆ అనుభవం ఉంది.

ఇప్పుడు మరో ఇంజెక్షను వచ్చింది. దాని పేరు లెనకపవిర్. ఆరునెలలకొకసారి తీసుకుంటే హెచ్.ఐ.వి. సోకకుండా కాపాడుతుంది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిపిన పరీక్షల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఇది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్.ఐ.వి. సోకలేదు. రోజూ మాత్రలు ఇచ్చిన బృందాల్లో 55 మందికి సోకింది. లోపం మాత్రలో లేదు. చాలామంది దాన్ని రోజూ వేసుకోలేకపోయారు. సైదాబాద్ బస్తీల స్త్రీల మధ్య పనిచేసే నాకు ఇది వింతగా తోచలేదు. మాత్రల డబ్బా ఇంట్లో ఎక్కడ దాచాలి? భర్త చూస్తే ఏమని చెప్పాలి? కండోమ్ వాడమని అడగలేని స్త్రీకి తన చేతిలో ఉండే రక్షణ కావాలి.

అమెరికాలో దీని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. పేటెంటుదారైన గిలియడ్ 2024లో ఆరు కంపెనీలకు తయారీ లైసెన్సులిచ్చింది. వాటిలో హెటిరో, డాక్టర్ రెడ్డీస్ మన హైదరాబాదువే. 2027 నుంచి 120 దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకే ఈ రెండూ అందించేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు ప్రకటించారు.

ధర తగ్గినంత మాత్రాన మందు మనిషిని చేరదు. హెచ్.ఐ.వి. ఉన్నవారికి 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది. సోకకుండా కాపాడే ఈ మందు కూడా సర్కారు దవాఖానాలో ఉచితంగా అందాలి. మన ఊరి కంపెనీలు తయారుచేసే మందు మన బస్తీకి రాకపోతే అది ఎవరి అభివృద్ధి?

అయితే పటాన్‌చెరు పాఠం మరవరాదు. ఈ మందు ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. వేశాక వెనక్కి తీయలేం. అప్పటికే హెచ్.ఐ.వి. ఉన్నవారికి తెలియక వేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు. కనుక ప్రతిసారీ ముందు పరీక్ష చేయాలి, అన్నీ వివరించాలి, వద్దంటే ఆగాలి. సమ్మతి, గోప్యత 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ఇచ్చిన హక్కులు. సెక్స్‌వర్కర్లను వరుసలో నిలబెట్టి సూదులు పొడవడం ఆరోగ్య కార్యక్రమం కాదు.

ఆనాడు ఇంజెక్షను వద్దని పోరాడాం. ఈనాడు కావాలని పోరాడదాం, అవే ప్రశ్నలు అడుగుతూ.