సూది గుచ్చడం వస్తే చాలదు

భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, మండపేటలో రైస్ మిల్లుల ఊక దుమ్ము. గోదావరి డెల్టాలో అలర్జీ తుమ్ములకు, దద్దుర్లకు కారణాలు కొల్లలు. వాటిని సరిగ్గా తేల్చే శిక్షణకే కొరత. చర్మంపై సూదితో గుచ్చి చేసే పరీక్షలో పావుగంటకు 3 మిల్లీమీటర్ల దద్దు లేస్తే పాజిటివ్ అంటారు. ఒంట్లో ఆ పదార్థంపై స్పందన ఉందనడానికి అది గుర్తే గానీ, రొయ్య తింటే పడదనడానికి రుజువు కాదు. రోగి చెప్పే వివరాలతో దాన్ని సరిచూడకపోతే కంచంలో కూరలు అనవసరంగా మాయమవుతాయి.

ఈఎన్‌టీ, ఛాతీ, చర్మ వైద్యులున్నారుగా అనొచ్చు. శిక్షణ ఉంటే వాళ్లే చాలు. అలర్జీ వైద్యం ఎవరు చేయాలన్న నిబంధనలు బిగిస్తే పల్లెకు ఉన్న వైద్యమూ దూరమవుతుందన్న భయమూ సబబే. అందుకే కొత్త డిగ్రీ కంటే, కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వంటి చోట పర్యవేక్షణలో సాధన చేయించాలి. అలర్జీని తగ్గించే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ తర్వాత అరగంట రోగిని కనిపెట్టుకుని ఉండటం, ప్రాణం మీదికొస్తే తక్షణం తొడ కండరానికి అడ్రినలిన్ ఇవ్వడం వచ్చాకే ధ్రువపత్రం చేతికివ్వాలి.